ఫోన్ బాక్స్ భద్రం.. మరి బబుల్ ర్యాప్ సంగతేంటి?

ఫోన్ బాక్స్‌ని మనం ఏళ్ల తరబడి ఎందుకు దాస్తాం? అమ్మేటప్పుడు బాక్స్ ఉంటే రేటు కాస్త ఎక్కువొస్తుంది కాబట్టి! మా మంథనిలో డెలివరీ చెత్త కథ కూడా ఇంతే. అట్టపెట్టెల్ని పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొంటారు, అందుకే ఎవరూ పారేయరు. బబుల్ ర్యాప్, ప్లాస్టిక్ కవర్లకు మాత్రం రేటు లేదు. అవి మోరీలోకో, మంటలోకో పోతాయి. పక్కనేమో గోదావరి.

కాబట్టి జనానికి అవగాహన లేదనడం కరెక్ట్ కాదు. లేనిది రేటు, సౌకర్యం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఈపీఆర్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకేజింగ్ బాధ్యత కంపెనీలదే. కానీ రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని కూడా లెక్క చూపించొచ్చు. అంటే మంథని కవర్ మంథని మోరీలోనే ఉన్నా, ఇంకెక్కడో రీసైకిలైన ప్లాస్టిక్‌తో లెక్క సరిపోతుందన్నమాట!

పార్సిల్ తెచ్చిన డెలివరీ బాయ్‌తోనే పాత కవర్లు వాపస్ తీసుకుని, చిన్న కూపన్ ఇచ్చినా చాలు. అతనికీ కవర్‌కింత అని ఇవ్వాలి. అప్పుడు మనోళ్లు దాచిపెట్టి మరీ ఇస్తారు. కెమెరాకు, బ్యాటరీకి మార్కులేసే మాలాంటి రివ్యూయర్లు కూడా ఇకపై ప్యాకింగ్‌కు మార్కులెయ్యాలి. మార్కులు తగ్గితే కంపెనీలు ఎంత ఫాస్ట్‌గా మారతాయో మీకు తెలియంది కాదు.