సాయంత్రం ఎవరిది?

"అక్కా, సారా దుకాణం ముందు బైఠాయించినదానివి. ఇప్పుడు ఇటలీ పోయి వైన్ షాపులో కూర్చొచ్చానని సంబరంగా చెప్పుకుంటున్నావా?"

2023 చివర్లో మా జిల్లా కార్యకర్తల సమావేశంలో ఒక చెల్లెలు నన్నడిగిన ప్రశ్న ఇది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ నవ్వులో ఒక నింద ఉంది. ఆ నింద కింద మనమెవరం ఎప్పుడూ తరచి చూడని ఒక నమ్మకం ఉంది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కోపం వచ్చినవాళ్ళు వచ్చే సంచికలో రాయండి.

ముందు జరిగింది చెప్తాను. ఆ ఏడాది అక్టోబరులో పది రోజులు బొలోన్యా నగరంలో ఉన్నాను. హింసకి గురైన స్త్రీలకి అండగా నిలిచే కేంద్రాలు ఎలా నడుస్తున్నాయో చూడటానికి వెళ్ళిన బృందంలో నేనొకదాన్ని. ఆ ఊళ్ళో అలాంటి కేంద్రం 1990 నుంచీ పనిచేస్తోంది. పగలంతా మీటింగులు, ఫైళ్ళు, ప్రతి మాటకీ మధ్యలో దుబాసీ. సాయంత్రం ఐదున్నరకి వదిలేసేవాళ్ళు. మొదటిరోజే అక్కడి కార్యకర్త ఒకావిడ, ఇంచుమించు నా వయసుదే, "రండి, కాసేపు కూర్చుందాం" అని పాత మార్కెట్ పక్క సందులోకి తీసుకుపోయింది.

గుమ్మం మీద 'వీనో' అని ఒక్క మాట. అది ఒస్తెరియా దెల్ సోలె, 1465 నుంచీ ఉందని చెప్పుకునే వైన్ అంగడి. అక్కడ తాగటానికి మాత్రమే దొరుకుతుంది. తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పొడుగాటి చెక్క బల్లలు, ఎవరి పక్కనైనా ఎవరైనా కూర్చోవచ్చు. మార్కెట్లో కొన్న రొట్టె, జున్ను, ఆలివ్ కాయలు కాగితం పరిచి బల్ల మీద పెట్టుకున్నాం, మన నాట్ల కూలీలు చెట్టుకింద సద్ది మూటలు విప్పుకున్నట్టు. ఆవిడ లాంబ్రుస్కో తీసుకుంది, ఎర్రగా నురగలు కక్కుతూ ఉంటుంది. నేను ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల మీద పండే ద్రాక్షతో చేసే పిన్యొలెత్తో అనే తెల్ల వైన్ తీసుకున్నాను. చల్లగా, కాస్త పుల్లగా ఉంది. గంటన్నర సేపు ఆ ఒక్క గ్లాసే.

ఒక బల్ల దగ్గర ముసలాళ్ళు పేకాడుతున్నారు. మూల బల్ల దగ్గర డెబ్భై దాటిన ఒకావిడ ఒక్కతే కూర్చుంది. కాళ్ళ దగ్గర కూరగాయల సంచి, ముందు ఒక గ్లాసు. పుస్తకం లేదు, ఫోను లేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టూ లేదు. ఊరికే కూర్చుంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు, నేను తప్ప.

నేను మాత్రం గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆరు. ఆరుంపావు. మా ఇంట్లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాటి ఉంటుంది. అందరూ తినేసి ఉంటారు. నాతో ఎవరికీ పనిలేదు. అయినా ఒంట్లో ఏదో లే లే అంటూనే ఉంది. యాభై ఏడేళ్ళ ఒళ్ళు అది. సంధ్యవేళ కూర్చోవటం అలవాటు లేని ఒళ్ళు. నాలుగో సాయంత్రానికి గానీ చెయ్యి గడియారం వైపు తిరగటం మానలేదు. పది రోజుల్లో ఆరు సాయంత్రాలు అక్కడే కూర్చున్నాను. చాలా సంతోషపడ్డాను. ఈ మాట రాయటానికి నాకు సిగ్గులేదు.

ఇక సారా సంగతి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా బండ్లని ఊళ్ళోకి రానివ్వనప్పుడు నేను నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యకర్తని. ఆ వేడి కళ్ళారా చూశాను. కూలిడబ్బు ఎటు పోయిందో, దెబ్బలు ఎటునుంచి వచ్చాయో ఆ ఆడవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. ఆ తర్వాత పాలసీలు ఎన్ని మారాయో చూశాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2024లో మళ్ళీ ప్రైవేటు వాళ్ళకి ఇచ్చారు. ఖజానాకి తాగుబోతు మొగుళ్ళు కావాలి, అంతే. ఈ విషయంలో నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మన బజార్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టి క్వార్టర్ బాటిళ్ళు అమ్మే దుకాణాన్ని చూసి ఆడపిల్లలు రోడ్డు అవతలి పక్కకి దాటతారు. దాన్నీ, నేను కూర్చున్న చోటునీ ఒక్క మాటతో కట్టెయ్యటం సోమరితనం.

అసలు విషయానికొస్తాను. ఆ ఉద్యమంలో మనం మగవాడి సాయంత్రాన్ని పట్టుకున్నాం. అది మన ఇళ్ళని తగలబెడుతోంది కాబట్టి ఆర్పటానికి పోయాం. సరే. మరి ఆడదాని సాయంత్రం సంగతి మనం ఎప్పుడు మాట్లాడాం? నీళ్ళు అడిగాం, కూలి అడిగాం, ఆస్తిహక్కు అడిగాం, రక్షణ అడిగాం. ఆరు గంటలకి ఏ పనీ లేకుండా నలుగురి మధ్య కూర్చునే గంట అడిగామా? మన దృష్టిలో అది కోరిక కూడా కాదు, విలాసం. రచ్చబండా, టీ బంకూ, సెంటర్లో అరుగులూ మగవాళ్ళవి. సంధ్యవేళ దీపం, కుళాయి, పొయ్యి, పిల్లల హోంవర్కు ఆడవాళ్ళవి. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. ఆ తేడాలోనే మన సాయంత్రం ఉంది.

2009 జనవరిలో మంగళూరులో పబ్బులో కూర్చున్న ఆడపిల్లల్ని పట్టుకుని కొట్టారు. మన సంఘం ఖండించింది. కానీ 'మేము తాగుడిని సమర్థించటం లేదు' అన్న వాక్యం చేర్చి మరీ ఖండించింది. ఆ ప్రకటన రాసింది నేనే. ఒకమ్మాయి దెబ్బలు తింటుంటే ఆమె చేతిలో ఏముందో ముందు చూసిన చెయ్యి నాది. తాగే ఆడది చెడిందన్న మాట ఎక్కడిది? పై కులాల నడింటి నుంచి వచ్చిన మాట. తెలంగాణ పల్లెల్లో పని దిగిన కూలి ఆడవాళ్ళు మగవాళ్ళతోపాటు కల్లు తాగేవాళ్ళు. వాళ్ళ మర్యాద గురించి ప్రశ్న లేవదీసింది వాళ్ళు కాదు, మనం.

ఇటలీ కూడా పుట్టుకతో ఇలా లేదు. ప్రాచీన రోములో ఆడవాళ్ళకి వైన్ నిషిద్ధం. బంధువులైన మగవాళ్ళు ముద్దుపెట్టుకునే నెపంతో నోటి వాసన పసిగట్టేవాళ్ళని అప్పటి రచయితలు రాశారు. వైన్ తాగిందని పెళ్ళాన్ని దుడ్డుకర్రతో కొట్టి చంపిన ఎగ్నాతియస్ అనేవాడికి శిక్షే పడలేదనీ, అది తప్పని కూడా ఎవరూ అనలేదనీ వలేరియస్ మాక్సిమస్ రాశాడు. అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు. వివాహేతర సంబంధానికి భార్యని మాత్రమే జైలుకి పంపే చట్టం అక్కడ 1968 దాకా ఉంది. 'పరువు' కోసం భార్యనో కూతుర్నో చంపినవాడికి తక్కువ శిక్ష వేసే సెక్షను 1981లో గానీ పోలేదు. రాత్రిళ్ళు మావి అని రోము వీధుల్లో ఆడవాళ్ళు కాగడాలతో ఊరేగింది 1976లో. ఆ మూల బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడకి అప్పుడు పాతికేళ్ళుంటాయి. తాగి కొట్టే మొగుళ్ళూ, తాగకుండా కొట్టే మొగుళ్ళూ అక్కడ ఇప్పటికీ ఉన్నారు. లేకపోతే ఆ కేంద్రం ఎందుకు?

నాతో వచ్చిన ఆవిడ ఒక సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. ఆమె మొందీనా. అంటే వరిమడిలో కలుపు తీసే కూలి. మోకాలి లోతు నీళ్ళలో వంగి, జలగలు పట్టుకుంటుంటే, ఎండాకాలం మొదట్లో నలభై రోజులు. ఆ మాట విన్నాక నాకు ఇటలీ దూరం తగ్గిపోయింది. మన నాట్లు, మన నడుం నొప్పులు. ఆ కూలి ఆడవాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మెలు చేశారు. బొలోన్యా పక్కనే ఉన్న మొలినెల్లా ప్రాంతంలో 1949 మే 17న సమ్మెలో ఉన్న మరియా మార్గొత్తి అనే మొందీనాని పోలీసు తుపాకీ చంపేసింది. భర్త లేని మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఎనిమిది గంటలు అన్నది కూలి లెక్క అనుకుంటాం. మిగిలిన గంటల లెక్క కూడా అదే. ఆ మిగులులోంచే నేను కూర్చున్న సాయంత్రం వచ్చింది.

అయితే ఆ సాయంత్రానికి ఇవాళ ఎవరు చెల్లిస్తున్నారో కూడా చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. ఇటలీ ఇళ్ళలో ముసలివాళ్ళకి స్నానం చేయించి అన్నం తినిపించేది చాలావరకు ఉక్రెయిన్, రుమేనియా, మొల్దోవాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. బదాంతెలు అంటారు. ఆవిడ నాతో కూర్చున్నంతసేపూ వాళ్ళ అమ్మ దగ్గర ఒక బదాంతె ఉంది. ఆవిడే చెప్పింది, దాచలేదు. దక్షిణాన పుల్యాలో 2015 జూలైలో పావొలా క్లెమెంతె అనే నలభై తొమ్మిదేళ్ళ కూలి ఆమె ద్రాక్షతోటలో పనిచేస్తూ చనిపోయింది. నూటయాభై కిలోమీటర్లు బస్సులో పోయి చేసిన పనికి రోజుకి 27 యూరోలు. అది వైన్ ద్రాక్ష కాదు, తినే ద్రాక్ష. కూలి మేస్త్రీల దోపిడీ మాత్రం రెండు తోటల్లోనూ ఒకటే. ఆ చావు తర్వాత 2016లో దానికి వ్యతిరేకంగా గట్టి చట్టం వచ్చింది.

ఒక తేడా మాత్రం నన్ను బాగా కుదిపింది. ఇంట్లోనే ఉండి పనిచేసే బదాంతెకి వారానికి 36 గంటల సెలవు ఒప్పందంలో రాసి ఉంది. ఆదివారం పూర్తిగా, మరో రోజు ఒక పూట. గురువారం మధ్యాహ్నం పార్కులో చూశాను. బెంచీల నిండా వాళ్ళే. కబుర్లు, నవ్వులు, ఇంటినుంచి తెచ్చుకున్న తిండి డబ్బాలు. మన దేశంలో ఇంటిపని కార్మికులకి దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం ఇంకా లేదు. వారపు సెలవు యజమానురాలి దయ. ఆ యజమానురాళ్ళలో మనమూ ఉన్నాం. మన మార్చి 8 సభ ఐదింటికి ముగిస్తాం, "ఇళ్ళకి పోవాలి" అని. ఎవరింటికి, ఏ పనికి అని ఎప్పుడైనా అడిగామా?

నన్ను ఎత్తిపొడిచిన సమావేశంలోనే ఇంకొకామె ఉంది. మా సంఘంలో సభ్యురాలు, నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. అందరూ నవ్వుతుంటే ఆమె నవ్వలేదు. చివర్లో నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది: "అక్కా, అంతసేపు కూసుంటే లెవ్వమని ఎవరూ అనరా?"

వైన్ గురించి ఆమె అడగలేదు. బల్ల గురించి అడిగింది.

బొలోన్యాలో వీధి పొడవునా ఇళ్ళ ముందు స్తంభాల వసారాలు ఉంటాయి, పాత ఊళ్ళోనే 38 కిలోమీటర్లు. స్థలం ఇంటివాళ్ళది. నడిచే హక్కు ఊరందరిదీ. 1288లోనే నగరం చట్టం చేసి కట్టించింది. మనకీ అరుగులుండేవి. వాటి మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు కూర్చోకూడదో మనకి తెలుసు.

అందుకని నేను ఒక ప్రతిపాదన పెట్టాను. ప్రతి శనివారం ఆరు నుంచి ఏడు దాకా మా ఊరి మునిసిపల్ పార్కు బెంచీల మీద సంఘం ఆడవాళ్ళం కూర్చోవాలి. ఎజెండా లేదు. మినిట్స్ లేవు. ఎవరికీ అవగాహన కల్పించేది లేదు. టీ, మిరపకాయ బజ్జీలు. "దీనికి ఫండ్ ఎవరిస్తారు, రిపోర్టులో ఏం రాస్తాం" అని ఒకరడిగారు. ఏమీ రాయం అన్నాను. మూడు నెలలు వాదులాడుకుని, చివరికి ఒప్పుకున్నారు.

మొదటి శనివారం పదకొండు మందిమి వచ్చాం. లెవ్వమంటారా అని అడిగినామె రాలేదు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. "ఆరింటికే కదక్కా మా వీధికి కుళాయి వచ్చేది. ముందు నీళ్ళ టైము మార్పించండి, వచ్చి కూసుంటా" అంది. ఆమె చెప్తుంటే నేనే రాశాను అర్జీ. వీధిలో నలభై మంది చేత సంతకాలు పెట్టించాం. ఆ సంతకాలకి తిరిగింది కూడా సాయంత్రమే, ఏడు దాటాక. అన్ని గుమ్మాల్లోనూ ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టారు.