ముందు గాలి, తర్వాతే గన్

2025 సెప్టెంబర్‌లో వైమానిక దళం మిగ్-21కి వీడ్కోలు చెప్పాక మా టీమ్‌లో ఒకతను 1/48 స్కేల్ మిగ్ కిట్ కొన్నాడు. "బ్రో, 15 వేలున్నాయి. ఏ ఎయిర్‌బ్రష్ కొనను?" అని నా డెస్క్ దగ్గరికొచ్చాడు.

అందరూ చేతిలో పట్టుకునే గన్ గురించే అడుగుతారు. నన్నడిగితే డబ్బులో పెద్ద వాటా కంప్రెసర్‌కే పోవాలి. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్లలో చాలావాటి గాలి కుదుపులతో వస్తుంది, సన్నగీత గీద్దామంటే సాఫీగా రాదు. 3 లీటర్ల ట్యాంకు ఉంటే ఆ కుదుపులు అక్కడే అణిగిపోతాయి. పైగా ట్యాంకు నిండగానే మోటార్ ఆగుతుంది, రాత్రి పదకొండింటికి కింది ఫ్లాట్ అంకుల్ వచ్చి తలుపు కొట్టరు. రెగ్యులేటర్, మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ ఉక్కపోతలో ట్రాప్ లేకపోతే, గాలిలోని తేమ నీటిచుక్కలై రంగుతో పాటు రెక్క మీద చిందుతుంది.

గన్ సంగతి సులువే. డబుల్ యాక్షన్ ఉండాలి, అంటే ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. పైన కప్పు ఉండే గ్రావిటీ ఫీడ్, 0.3 మి.మీ. నాజిల్. 0.2 చూసి మురిసిపోవద్దు, కొత్తవాళ్ల చేతిలో అది మాటిమాటికీ మూసుకుపోతుంది. రంగుని పాలంత పలచగా కలిపి, 15-20 పీఎస్ఐ దగ్గర మొదలుపెడితే చాలు.

"ఎక్కడ కూర్చుని కొడతావ్?" అనడిగాను. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, హాల్లోనేనట. ఇంట్లో ఎనిమిది నెలల పాప.

దాంతో లిస్టు మొత్తం మారిపోయింది. ముందు లాకర్ పెయింట్లు కొట్టేశాం. అవి నున్నగా వస్తాయి, ఇట్టే ఆరిపోతాయి, నిజమే. కానీ ఆ సాల్వెంట్ ఆవిరి హాల్లోనే ఆగదు కదా! ఎన్95 మాస్కు రంగు తుంపరని ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. సరే, అది నీ ముక్కుకి. పాప ముక్కుకేం పెడతావ్? అందుకే నీళ్లతో పలచన చేసే అక్రిలిక్‌లు, కిటికీ బయటికి గొట్టం తీసే స్ప్రే బూత్ రాసుకున్నాం. నీళ్ల రంగే కదా అని మాస్కు తీసేయకూడదు, తుంపర ఏదైనా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

బూత్ ఖర్చు గన్ మీద తగ్గించాడు. ఇవాటా వచ్చే బోనస్‌కి చూసుకుంటాడట. మిగ్ ఇంకా ప్రైమర్ దగ్గరే ఉంది. పాప అమ్మమ్మగారింటికి వెళ్లే శనివారం కోసం చూస్తున్నాడు.