ఫైల్ ఎవరి దగ్గర ఉంది?

మా ఫ్లోర్‌లో ఒకడున్నాడు. క్లాసుకి ఎంత లేటవుతున్నా టాయిలెట్ ఖాళీ అయ్యేదాకా నిలబడతాడే తప్ప యూరినల్ దగ్గరకి వెళ్లడు. ఫస్టియర్‌లో దాని మీద అందరం జోకులేశాం. నేనూ వేశాను. థర్డియర్‌లో ఒక రాత్రి వాడే చెప్పాడు: ధార సరిగా రాదని, పక్కకి చిమ్ముతుందని, చిన్నప్పుడెప్పుడో అక్కడ ఆపరేషన్ జరిగిందని. ఏం ఆపరేషన్ అని వాళ్లమ్మని అడిగితే "చిన్నదేలేరా, ఎప్పుడో అయిపోయింది" అన్నారట. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయట. వాడు రాయమన్నాడు కాబట్టే ఇది రాస్తున్నాను.

దాని పేరు హైపోస్పేడియాస్. మూత్రం వచ్చే రంధ్రం అంగం కొసన కాకుండా కింది వైపు ఉండటం. సుమారు 200 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. అంటే వెయ్యిమంది అబ్బాయిలున్న కాలేజీలో ముగ్గురి నుంచి ఐదుగురు. సాధారణంగా ఏడాది అటూ ఇటూ వయసులో ఆపరేషన్ చేసేస్తారు కాబట్టి పిల్లాడికి ఏమీ గుర్తుండదు.

పెదవి చీలి పుడితే మన దగ్గర గ్రహణం మొర్రి అంటారు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు, తల్లిని ఆడిపోసుకోవడం తప్పే. కానీ కనీసం దానికో పేరుంది. దీనికి మన ఇళ్లల్లో పేరే లేదు. "అక్కడ చిన్న ప్రాబ్లం" అంతే. పేరు కూడా తెలియని దాని గురించి పెద్దయ్యాక ఎవరిని, ఏమని అడుగుతాడు?

నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్ అయిపోతే కథ అయిపోయినట్టు కాదు. పిల్లాడికి 18 నిండేసరికి ఆ ఫైల్ వాడి చేతికి రావాలి, ఒకసారి డాక్టర్ చూడాలి.

ఎందుకో చెప్తాను. గర్భంలో సుమారు 8 నుంచి 14 వారాల మధ్య, పిండం వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టెరాన్ ప్రభావంతో మూత్రనాళం కొసదాకా ఏర్పడుతుంది. ఆ పని మధ్యలో ఆగిపోతే రంధ్రం కిందే ఉండిపోతుంది. ఎందుకు ఆగిందో చాలామందిలో తెలియదు. కొందరిలో మాత్రం హార్మోన్ తయారీలోనో, శరీరం దాన్ని అందుకోవడంలోనో లోపం ఉంటుంది. సర్జన్ బాగుచేసేది నాళాన్ని. వృషణాన్ని కాదు. యవ్వనంలో టెస్టోస్టెరాన్, ఆ తర్వాత వీర్యకణాలు తయారుచేయాల్సింది అదే వృషణం.

2001లో డెన్మార్క్‌కి చెందిన నీల్స్ స్కాకెబెక్, ఆయన సహచరులు ఒక ప్రతిపాదన చేశారు. హైపోస్పేడియాస్, వృషణం కిందికి దిగకపోవడం, వీర్యం నాణ్యత తగ్గడం, వృషణ క్యాన్సర్ - ఈ నాలుగింటికీ కొన్నిసార్లు గర్భంలోనే ఒకే మూలం ఉండొచ్చని. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. స్వీడన్‌లో జాతీయ రికార్డులతో చేసిన అధ్యయనాల్లో మాత్రం, ఇలా పుట్టిన మగవాళ్లకి పిల్లలు కలిగే అవకాశం మిగతావాళ్ల కంటే కొంత తక్కువగా కనిపించింది.

ఇది చదివి ఎవరూ కంగారుపడక్కర్లేదు. ఎక్కువమందిది తేలికపాటి రకం. వాళ్లలో చాలామందికి హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, పిల్లలూ పుడతారు. రంధ్రం బాగా వెనక, వృషణాల సంచి దగ్గర ఉన్నవాళ్లు, వృషణం కూడా కిందికి దిగనివాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మరి తనది ఏ రకమో వాడికెలా తెలుస్తుంది? ఫైల్ చూస్తేనే. అందుకే ఫైల్ ఫైల్ అంటున్నాను.

పరీక్షలు కూడా పెద్దవేం కావు. ఉదయం పూట టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లకి రక్తపరీక్ష, ధార వేగం కొలిచే పరీక్ష, అవసరమనుకుంటే వీర్యపరీక్ష. ఇంకో సంగతి. జిమ్‌లో ఎవడో ఇచ్చే ఇంజెక్షన్లకి వీళ్లు అసలే దూరంగా ఉండాలి. కంట్రోల్ సిస్టమ్స్‌లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ చదువుకున్నాం కదా, అదే ఇక్కడా. బయటి నుంచి టెస్టోస్టెరాన్ పోస్తే మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం తగ్గించేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఎవరికైనా అంతే. అసలే తక్కువ ఉన్నవాడికి అది ఇంకా నష్టం.

మన వ్యవస్థ కూడా ఈ పిల్లల్ని సగంలో వదిలేస్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకూ పిల్లలకి పరీక్షలు చేస్తుంది. అందులో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిది ఉన్నాయి. గుండె జబ్బు ఉంది, గ్రహణం మొర్రి ఉంది. హైపోస్పేడియాస్ లేదు. 18 దాటితే పిల్లల సర్జన్ దగ్గర చూపించుకునే వయసూ దాటిపోతుంది. అసలు ప్రశ్నలు మొదలయ్యేదే అప్పుడు.

పిల్లాణ్ణి భయపెట్టడం ఎందుకని పెద్దవాళ్లు దాస్తారు. ఏడాది బిడ్డని ఆపరేషన్ థియేటర్‌లోకి పంపి బయట కూర్చున్నవాళ్లు వాళ్లు. ఆ ప్రేమని తప్పుపట్టను. కానీ దాచినందుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో చూడండి. పెళ్లయ్యాక పిల్లలు ఆలస్యమైతే మన ఊళ్లల్లో ముందు పరీక్షలకి తిప్పేది అమ్మాయిని. మాటలు పడేదీ ఆ అమ్మాయే. అబ్బాయి ఫైల్‌లో ఉన్న ఒక్క కాగితం సంగతి ఆమెకీ తెలియదు, వాడికీ తెలియదు.

మావాడు సెలవుల్లో యూరాలజిస్టు దగ్గరకి వెళ్లాడు. నాళం ఒకచోట ఇరుకైందట, సరిచేయొచ్చన్నారు. హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి. ఇన్నేళ్లూ తనలో ఏదో పెద్ద లోపం ఉందనుకుని వాడు మోసిన బరువులో చాలాభాగం ఒక రిపోర్టుతో దిగిపోయింది. ఆపరేషన్ ఏ ఊళ్లో జరిగిందో వాళ్లమ్మకి గుర్తుంది. పాత రికార్డు కోసం ఇద్దరూ కలిసి వెళ్తారట.

మీకూ అక్కడ చిన్నప్పటి కుట్టు గుర్తు ఏదైనా ఉంటే ఈసారి ఇంటికెళ్లినప్పుడు అడగండి. లేనివాళ్లు ఇంకో పని చేయండి. టాయిలెట్ ఖాళీ కోసం ఎవడైనా నిలబడి ఉంటే, జోకు మానేయండి.