డాబా అందరిది.. సౌర వెలుగు ఎవరిది?
అపార్ట్‌మెంట్లలో ఫలకాల ఎంపికకు ముందు తేల్చుకోవాల్సిన లెక్కలివీ

కొత్తవలస: కిరండూల్ రైలుమార్గం మొదలయ్యే జంక్షన్‌గా కొత్తవలసకు పేరు. విశాఖకు చేరువలో ఉండడంతో ఇక్కడ పంట పొలాల పక్కనే లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు వెలిశాయి. విడి ఇల్లున్నవారు డాబాపై సౌర ఫలకాలు బిగించుకుని కరెంటు బిల్లు తగ్గించుకోవచ్చు. ఫ్లాట్లలో ఉన్నవారికి అది అంత సులువు కాదు. ఏ ఫలకం మంచిదన్నది వారికి రెండో ప్రశ్న. డాబాపై ఎవరి హక్కు ఎంత అన్నదే మొదటి ప్రశ్న.

రాయితీలోనే వ్యత్యాసం

కోటి ఇళ్లపై సౌర విద్యుత్తు లక్ష్యంగా కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో రూ.75,021 కోట్ల అంచనాతో ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించింది. ఇందులో విడి ఇంటికి తొలి 2 కిలోవాట్లకు రూ.30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు కలిపి గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ ఉంది. నివాసుల సంఘం లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే కిలోవాట్‌కు రూ.18 వేలే వస్తుంది. అయినా సంఘానికి ఇదే సులువైన దారి. మీటరు ఒక్కటే, లబ్ధి అందరికీ సమానం.

ఆరుగురికే చాలే డాబా

ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని జాగా కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఉత్పత్తి అవుతుంది. 20 ఫ్లాట్ల భవనంపై నీటి ట్యాంకులు, లిఫ్టు గది, నడవడానికి దారి పోను 2,000 చదరపు అడుగులు మిగిలాయనుకుందాం. అక్కడ పట్టేది 20 కిలోవాట్లే. ముందు మేల్కొన్న ఆరు కుటుంబాలు తలా 3 కిలోవాట్లు బిగించుకుంటే 1,800 అడుగులు నిండిపోతాయి. మిగతా 14 కుటుంబాలకు దక్కేది దాదాపు శూన్యం. ఉమ్మడి స్థలంలో ప్రతి ఫ్లాటు యజమానికీ అవిభాజ్య వాటా ఉన్నప్పుడు ఇది న్యాయం కాదు. రేపు తగవులకూ ఇదే మూలమవుతుంది.

ఇందుకు పరిష్కారంగా వచ్చిందే వర్చువల్ నెట్ మీటరింగ్. డాబాపై ఒకే ప్లాంటు పెట్టి, ఉత్పత్తిని ముందుగా ఒప్పుకున్న వాటాల ప్రకారం ఫ్లాట్ల బిల్లుల్లో సర్దుబాటు చేస్తారు. ఢిల్లీలో 2019లోనే దీనికి మార్గదర్శకాలు వెలువడ్డాయి. సూర్యఘర్ మార్గదర్శకాలు కూడా ఈ పద్ధతిని రాయితీకి అర్హంగా గుర్తించాయి. తమ కనెక్షన్లకు ఏ పద్ధతి వర్తిస్తుందో డబ్బు కట్టకముందే తూర్పు ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

ఎంపికలో చూడాల్సినవి

* జాగా తక్కువ కనుక తక్కువ స్థలంలో ఎక్కువ విద్యుత్తునిచ్చే మోనో ఫలకాలే అనుకూలం. పాతరకం పాలీ ఫలకాలు చౌకగా దొరికినా అంతే విద్యుత్తుకు ఎక్కువ స్థలం తింటాయి.

* రాయితీ కావాలంటే సౌర ఘటాలు సైతం దేశంలోనే తయారైన ఫలకాలై ఉండాలి. కొటేషన్‌లో ఈ మాట స్పష్టంగా రాయించుకోవాలి.

* ట్యాంకు నీడ ఒక్క ఫలకంపై పడినా ఆ వరుసంతటి ఉత్పత్తి పడిపోవచ్చు. ఉదయం, సాయంత్రం నీడ ఎటు పడుతుందో చూశాకే స్థలం గుర్తించాలి. ఫలకాలు దక్షిణ ముఖంగా, కొద్దిపాటి వాలుతో ఉండాలి.

* 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్‌ను ఈ ప్రాంతం మరువలేదు. భారతీయ ప్రమాణాలు విశాఖకు సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటున్నాయి. ఫ్రేముల గాల్వనైజింగ్, బిగింపుల పటుత్వంపై ఇంజినీరు ధ్రువీకరణ లేనిదే సమ్మతించరాదు. స్లాబుకు రంధ్రాలు వేస్తే వాననీరు కారకుండా చూసే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో ఉండాలి.

కరెంటు పోతే ఇదీ ఆగుతుంది

బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు అనుసంధానించిన సాధారణ సౌర ప్లాంటు, సరఫరా నిలిచిన వెంటనే ఆగిపోతుంది. లైన్లపై పనిచేసే సిబ్బంది భద్రత కోసమే ఈ ఏర్పాటు. కోతల వేళ లిఫ్టు నడుస్తుందన్న ఆశతో దీనిని కొంటే నిరాశే మిగులుతుంది. అందుకు బ్యాటరీ, తగిన ఇన్వర్టరు వేరుగా కావాలి. ఆ ఖర్చూ ముందే లెక్కవేసుకోవాలి.

ముందు తీర్మానం.. తర్వాతే టెండరు

ఫలకాల పనితీరుకు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తారు. అన్నేళ్లలో ఫ్లాట్లు చేతులు మారతాయి, అద్దెదారులు మారతారు. పెట్టుబడి యజమానిది, బిల్లు తగ్గుదల అద్దెదారుది అయితే చందా వసూలు కష్టమే. కాబట్టి వాటాలు, నిర్వహణ ఖర్చు, దుమ్ము కడిగే బాధ్యత, ఫ్లాటు అమ్మినప్పుడు వాటా బదిలీ వంటి అంశాలపై సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయాలి. మొదట ఉమ్మడి అవసరాలకు ప్లాంటు పెట్టుకుని, ఏడాదిపాటు లెక్కలు చూసి, మిగిలిన జాగాను సమానంగా పంచుకోవడం వివేకం. ఎండ అందరిపైనా ఒకేలా కాస్తుంది. దాని ఫలం అందరికీ అందాలంటే మాత్రం కాగితంపై ఒప్పందం తప్పనిసరి.