మీకెందుకమ్మా శ్రమ!

2021లో హైస్కూలు టీచర్లకు ‘నిష్ఠ’ శిక్షణ ‘దీక్ష’ ద్వారా మొదలైంది. (పేర్లు పెట్టినవారెవరోగాని, ఆడవాళ్ల సంగతి బాగా ఎరిగినవారే!) 2022 డిసెంబరులో మన ప్రభుత్వం సుమారు 59 వేల మంది టీచర్లకు ట్యాబులూ పంచింది. పంపకంలో ఆడా మగా తేడా లేదు. తేడా అంతా బడి వదిలాకే.

మా పెందుర్తిలో లెక్కల మాస్టారు టిఫిను కాగానే ట్యాబు ముందేసుకుని కూర్చుంటారు. పక్కింటి సైన్సు పంతులమ్మకు అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టేసరికి పది దాటుతుంది. అప్పుడు తెరుస్తుంది పాఠం. అంత కష్టపడి నేర్చినా, బడిలో తెర మొరాయిస్తే పిలుపు మాస్టారికే! ఆవిడ లేస్తే “మీకెందుకమ్మా శ్రమ” అంటారట. ఈ మర్యాద నాకు నచ్చదు. చెయ్యి పెట్టనివ్వకపోతే చెయ్యి తిరిగేదెలా?

రాత్రి వంటిల్లు వారానికి రెండు రోజులు వాళ్లాయనకు అప్పజెప్పమన్నాను. నవ్వింది గాని, సరేననలేదు.