రోగగతి అంచనాలో చికిత్స జాడ

వచ్చిన జబ్బు ఏమిటో తేల్చడం రోగ నిర్ధారణ కాగా, ఆ జబ్బు ఇకమీదట ఎంత వేగంగా ముదురుతుందో, ఎవరిలో ప్రాణాంతకమవుతుందో ముందుగా చెప్పడం రోగగతి అంచనా. ఈ రెండో పనికి వైద్యులు లెక్కల సాయం తీసుకోవడం కొత్త కాదు; 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో మొదలైన అధ్యయనం నుంచి గుండెజబ్బు ముప్పును లెక్కగట్టే పట్టికలు ఏనాడో వచ్చాయి. ఆ పట్టికల్లో ఏ అంశాలను లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించింది వైద్యులే. కృత్రిమ మేధ మాత్రం లక్షలాది రోగుల రికార్డులను తానే జల్లెడపట్టి, మనిషి కంటికి ఆనని పోలికలను కూడా పట్టుకుంటుంది. అయితే ఆ రికార్డుల్లో రోగం ఒక్కటే ఉండదు. రోగాన్ని అడ్డుకోవడానికి వైద్యులు చేసిన ప్రయత్నమంతా దానితో పెనవేసుకుని ఉంటుంది.

1990ల మధ్యలో అమెరికాలో జరిగిన న్యుమోనియా పరిశోధన ఈ చిక్కును అన్నిటికన్నా స్పష్టంగా బయటపెట్టింది. ఎవరిని ఆసుపత్రిలో చేర్చుకోవాలో, ఎవరిని మందులిచ్చి ఇంటికి పంపవచ్చో నిర్ణయించడానికి తోడ్పడేలా, మరణ ముప్పును అంచనా వేసే పలు నమూనాలను శాస్త్రవేత్తలు పోల్చి చూడగా, అన్నిటిలో మెరుగ్గా నిలిచినవి న్యూరల్ నెట్‌వర్క్‌లు, అంటే పొరలు పొరలుగా లెక్కలు కట్టి ఫలితం చెప్పినా తమ కారణాన్ని విప్పి చూపలేని యంత్రాలు. అదే సమాచారం నుంచి మనుషులు చదవగలిగే నియమాలను వెలికితీసే మరో పద్ధతి, ఉబ్బసం ఉన్నవారికి న్యుమోనియాతో చనిపోయే ముప్పు తక్కువని తేల్చింది. వైద్యం తెలిసినవారెవరూ ఒప్పుకోని మాట ఇది. అయినా లెక్క తప్పలేదు: ఉబ్బసం రోగికి న్యుమోనియా సోకితే వైద్యులు ఆలస్యం చేయకుండా ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చి గట్టి చికిత్స చేసేవారు, దానివల్ల వారిలో మరణాలు తగ్గాయి, యంత్రం ఆ తగ్గుదలను ఉబ్బసం చేసిన మేలుగా చదువుకుంది. ఆ యంత్రం మాట నమ్మి వారిని ఇంటికి పంపి ఉంటే, వారిని బతికించిన చికిత్సే వారికి అందకుండా పోయేది. అదే సమాచారంతో నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌లోనూ ఇలాంటి తప్పులు దాగి ఉండవచ్చు, వాటిని తెరిచి చూసే వీలు లేదు గనుక, పరిశోధకులు దాన్ని రోగులపై వాడకూడదని నిర్ణయించుకున్నారు. కచ్చితత్వంలో ముందున్న సాధనాన్ని అలా పక్కనపెట్టడం గొప్ప వివేకమనే చెప్పాలి. 2015లో పరిశోధకుడు రిచ్ కరువానా బృందం ప్రతి అంశం ప్రభావాన్నీ విడివిడిగా చూపగల నమూనాతో ఆ సమాచారాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు, ఛాతీనొప్పి, గుండెజబ్బు చరిత్ర ఉన్నవారి విషయంలోనూ ఇదే వింత కనిపించింది.

రెండు దశాబ్దాల తర్వాత సాధనాలు ఎంతో పదునెక్కాయి. 2019లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ శాస్త్రవేత్తలు అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులకు చెందిన 7,03,782 మంది రికార్డులతో, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే పరిస్థితిని 48 గంటల ముందే పసిగట్టే నమూనాను ప్రకటించారు. అది ఆసుపత్రిలో ఉన్నవారికి ఎదురైన అలాంటి ఘటనల్లో 55.8 శాతాన్ని ముందుగా చెప్పగలిగింది, కానీ ప్రతి నిజమైన హెచ్చరికకూ రెండు తప్పుడు హెచ్చరికలు ఇచ్చింది. పైగా ఆ రికార్డుల్లో స్త్రీలు ఏడు శాతం కూడా లేరు.

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించడం వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి సెప్సిస్. దీన్ని ముందుగా హెచ్చరించడానికి అమెరికాలో వందలాది ఆసుపత్రులు వాడిన ఎపిక్ సంస్థ నమూనాను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ రోగులపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఆసుపత్రిలో చేరినవారిలో 18 శాతానికి హెచ్చరికలు మోగినా, సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతాన్ని నమూనా గుర్తించలేకపోయింది. వైద్యుడు యాంటీబయాటిక్ రాశాడా లేదా అన్నది కూడా అప్పట్లో ఆ నమూనాకు అందే సమాచారంలో భాగంగా ఉండేది. వైద్యుడికి అనుమానం కలిగాకనే ఆ మందు రాస్తాడు గనుక, యంత్రం రోగి ఒంట్లోని మార్పుతోపాటు వైద్యుడి అనుమానాన్ని కూడా తిరిగి అతనికే వినిపించినట్టవుతుంది.

2025లో వెలువడిన డెల్ఫీ-2ఎం అనే నమూనా ఇంకా విస్తారమైనది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌కు చెందిన సుమారు 4 లక్షల మంది రికార్డులతో తయారై, వెయ్యికి పైగా వ్యాధుల రాకను ఏళ్ల ముందే అంచనా వేస్తుంది. అయితే ఆ బయోబ్యాంక్‌లో చేరినవారు 40 నుంచి 69 ఏళ్ల వయసులో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు. సగటు బ్రిటన్ పౌరుడికన్నా ఆరోగ్యవంతులు.

తెలుగు నేల మీద ఇలాంటి అంచనా అవసరం ఎక్కడ ఎక్కువంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడ ఏళ్లుగా ప్రబలిన కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు, రోగుల్లో చాలామందికి మధుమేహం గానీ రక్తపోటు గానీ కారణంగా కనిపించదు. వ్యాధి మొదటి దశలో లక్షణాలు బయటపడవు గనుక ఎవరికి ఎంత త్వరగా ముదురుతుందో ముందే తెలిస్తే మేలు చాలా ఉంటుంది. కానీ ఏ రోగి ఎప్పుడు డయాలసిస్ మొదలుపెట్టాడన్న తేదీనే యంత్రానికి నేర్పితే, అది వ్యాధి వేగాన్ని ఎంత నేర్చుకుంటుందో, డయాలసిస్ కేంద్రం ఎంత దూరమన్న సంగతిని కూడా అంతే నేర్చుకోవచ్చు. 2023 డిసెంబరులో అదే జిల్లాలోని పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అంతకు ముందున్న రికార్డులతో నేర్చుకున్న నమూనాకు, చికిత్స చేరువైనందువల్ల పెరిగే డయాలసిస్‌లు జబ్బు ఉధృతమైనట్టు కనిపించే ప్రమాదం ఉంది.

అందువల్ల రోగి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం ఎంతుందో వరుసగా రాయడంతోపాటు, ఏ చికిత్స సూచించారు, ఏది అందింది, ఏది ఖర్చు వల్లనో దూరం వల్లనో ఆగిపోయింది, ఇంటి దగ్గరే చనిపోయినవారు ఎవరు అన్న వివరాలను కూడా రికార్డులకు ఎక్కించాలి. బయటినుంచి తెచ్చిన నమూనాను హెచ్చరికలకు వాడే ముందు ఏ ఆసుపత్రి అయినా తన సొంత రోగులపై కొన్నాళ్లు మౌనంగా నడిపి, స్త్రీలకూ పురుషులకూ, పేదలకూ స్థితిమంతులకూ విడివిడిగా ఫలితం చూడాలి. చికిత్స పద్ధతి మారిన ప్రతిసారీ ఆ పరీక్షను మళ్లీ చేయాలి.