సున్నంతో సీసం పోదు

సంపాదకులకు,

పాత బ్యాటరీలోని యాసిడ్‌ను గుంతలో ఒంపి సున్నం చల్లితే చాలన్న పాఠకుడి లేఖ చదివి భయమేసింది. సున్నం యాసిడ్ ఘాటును విరుస్తుంది, అందులో కలిసిన సీసం మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. పసిపిల్లల మెదడుకు అది విషం. నిజాంసాగర్ కాలువ కింద మా బోధన్ చెరకు పొలాల్లో మా నాన్న ట్రాక్టర్ బ్యాటరీ యాసిడ్‌ను బోరు పక్కనే పారబోసేవాడు. అక్కడ ఏళ్లపాటు గడ్డి మొలవలేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. వాటిని చెత్తలో కలపకుండా అప్పగించడం మన వంతు. నిజామాబాద్‌లో కొత్తది కొనేటప్పుడే, యాసిడ్ తీయకుండా, టెర్మినళ్లకు టేపు చుట్టి, నిలువుగా పెట్టి పాతది తీసుకెళ్లండి. ధరలోనూ తగ్గింపు అడగండి.

— ఒక చెరకు రైతు, బోధన్